ఆ లైటు నాకు కనపడొద్దన్నాడు

డ్రైవరు పనికో మెకానిక్ పనికో గల్ఫ్‌కు బయలుదేరేవాళ్ళు అప్పుడప్పుడు నన్ను కలవడానికి వస్తారు. మస్కట్‌లో పదకొండేళ్ళు చేసి వచ్చిండని ఎవరో చెప్పి పంపుతారు. మావాళ్ళకు ఒమాన్ మొత్తం మస్కటే. నేను చేసింది సూర్‌లో, ఆ తర్వాత బహ్లాలో. వచ్చినవాళ్ళు ఎండ గురించి అడుగుతారు, రూముల గురించి అడుగుతారు, లైసెన్సు ఎన్నో ట్రయల్‌కు వస్తుందని అడుగుతారు. నడిరోడ్డు మీద బండి ఆగిపోతే ఏం చెయ్యాలని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. మీటరు బోర్డు మీద ఎర్ర లైటు వెలిగితే ఏం చెయ్యాలనీ అడగలేదు. అందుకు వాళ్ళను తిట్టను. ఆ మాట చెప్పాల్సినవాళ్ళు చెప్పకుండానే విమానం ఎక్కిస్తున్నారు. నా కోపం వాళ్ళ మీద. కొంత నా మీద కూడా.

పానాలు పక్కన పెట్టి రెండేళ్ళయింది. నాకు ఎప్పుడు జీతం పెరిగిందో, ఎవరు మెచ్చుకున్నారో ఇక్కడ రాయను. ఎవరికీ పనికిరాదు. ఒక లైటు గురించి, ఒక బస్సు గురించి, పోశెట్టి అనే తాపీ మేస్త్రీ గురించి రాస్తాను.

ముబారక్ గ్యారేజీ

మొదట్లో నేను సూర్‌లో ముబారక్ అనే ముసలాయన గ్యారేజీలో పనిచేశాను. సముద్రం పక్కన చిన్న షెడ్డు. చేపలు తోలే పికప్పులే ఎక్కువ వచ్చేవి. ముబారక్‌కు చదువు రాదు. ఏ లైటు మీద ఏ బొమ్మ ఉందో కూడా పెద్దగా పట్టించుకునేవాడు కాదు. రంగు చూసేవాడు. పసుపు వెలిగితే "రేపు తీసుకురా" అని పంపేవాడు. ఎరుపు వెలుగుతూ వచ్చిందంటే తాళంచెవి తీసి తన పొడుగు అంగీ దిష్‌దాషా జేబులో వేసుకునేవాడు. "అహ్మర్, ఖలాస్" అనేవాడు. ఎరుపు, ఇక అయిపోయింది అని అర్థం.

ఒకరోజు ఒక చేపల వ్యాపారి ఐసు నింపిన పికప్పుతో వచ్చాడు. నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలుగుతోంది. ఇంజిన్ ఆయిల్‌కు ప్రెషర్ లేదన్నమాట. చేపలు పాడవుతాయి, హోటలు పక్కనే, దింపి వస్తానని ఆయన బతిమాలాడు. పక్కనే కదా, పోనిద్దామని నేనన్నాను. ముబారక్ నా వైపు ఒక చూపు చూశాడు. చేపల పెట్టెలన్నీ తన సొంత బండిలోకి ఎక్కించి, దాని తాళం ఆ వ్యాపారికి ఇచ్చి పంపాడు. ఆ తర్వాత పికప్పు ఆయిల్ గేజు నా చేత బయటికి తీయించాడు. దాని మీద చుక్క ఆయిల్ లేదు. హోటలు దాకా కూడా ఇంజిన్ ఉండేది కాదు.

ఇంకోసారి పొగలు కక్కుతూ వచ్చిన కారు రేడియేటర్ మూత నేనే తొందరపడి తిప్పాను. మణికట్టు నుంచి మోచేతి దాకా బొబ్బలెక్కింది. ముబారక్ చాలాసేపు నీళ్ళు పోసి, అప్పుడు తిట్టాడు. "ఇంజిన్ చల్లారేదాకా కూర్చుని చాయ్ తాగు. అది కూడా పనే" అన్నాడు. వేడి ముల్లు ఎరుపులోకి వెళితే ఇంజిన్ ఆపడం, మూత జోలికి పోకుండా కూర్చోవడం ఆ చేత్తోనే నేర్చుకున్నాను.

ఆయన పోయాక కొడుకులు గ్యారేజీ మూసేశారు. పని చెప్పిన యజమానులు నాకు చాలామంది ఉన్నారు. పని నేర్పింది మాత్రం ఆయన ఒక్కడే. అంత నేర్చుకున్నవాణ్ణి తర్వాత ఏం చేశానో చదవండి.

మలుపుల్లో వెలిగే లైటు

రెండు వేల దశకం చివరి రోజులవి. ఒమాన్‌లో ఏ ఊరికి వెళ్ళినా కొత్త రోడ్డో కొత్త బిల్డింగో లేస్తోంది. బహ్లాలో ఒక కట్టుబడి కంపెనీ బండ్లు చూసే మెకానిక్‌గా చేరాను. నన్ను చేర్పించింది సత్తెన్న. మా పక్క మండలంవాడు, నాకంటే అయిదారేళ్ళు పెద్ద. ఆ కంపెనీలో బండ్లన్నింటికీ ఆయనే ఇన్‌చార్జి. నాకు వీసా తెప్పించాడు, మొదటి నెలంతా తన రూమ్‌లో అన్నం పెట్టాడు. ఆయన మాట నాకు వేరేవాళ్ళ మాటలాంటిది కాదు.

కంపెనీకి కొండ మీద ఒక సైట్ ఉండేది. రోజూ పొద్దున క్యాంపు నుంచి ఇరవై రెండు మందిని ఒక బస్సు అక్కడికి తీసుకెళ్ళి, సాయంత్రం దించుకొచ్చేది. నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల పక్కలవాళ్ళే ఎక్కువ. డ్రైవరు గంగారాం మెట్‌పల్లి దగ్గరివాడు. నలభై దాటిన మనిషి. బండి ఎక్కే ముందు నాలుగు టైర్లూ కాలితో తన్ని చూసేవాడు, అద్దాలు తుడిచేవాడు. మిగతా డ్రైవర్లు నవ్వేవాళ్ళు.

ఒక సాయంత్రం గంగారాం వచ్చి చెప్పాడు.

"మల్లన్నా, మలుపు తిరిగినప్పుడల్ల హ్యాండ్ బ్రేక్ లైటు ఎర్రగ మినుకు మినుకుమంటున్నది. హ్యాండ్ బ్రేక్ దించే ఉన్నది."

చాలామంది దాన్ని హ్యాండ్ బ్రేక్ లైటే అనుకుంటారు. బ్రేక్ ఆయిల్ తగ్గినా వెలిగేది అదే లైటు. డబ్బాలో ఆయిల్ గీత కిందికి దిగితే, మలుపులో అది ఒక పక్కకు ఒరిగి లైటు వెలుగుతుంది. బండి తిన్నగా అయితే ఆరిపోతుంది. డబ్బా మూత తీశాను. ఆయిల్ తక్కువుంది. నింపాను. లైటు ఆరిపోయింది. గంగారాం దండం పెట్టి వెళ్ళాడు.

అదీ నా మొదటి తప్పు. బ్రేక్ ఆయిల్ ఊరికే తగ్గదు. లోపల బ్రేకు రేకులన్నా అరిగిపోవాలి, ఎక్కడన్నా కారిపోవాలి. ఎక్కడికి పోయిందని అడగకుండా నింపి పంపాను. ముబారక్ ఉంటే నా చెంప పగలగొట్టేవాడు.

నాలుగు రోజులకు లైటు మళ్ళీ వచ్చింది. ఈసారి చక్రాలు విప్పాను. వెనక ఎడమ చక్రం లోపలంతా తడి. బ్రేకును తోసే చిన్న సిలిండర్లో రబ్బరు చిరిగి ఆయిల్ కారుతోంది. మస్కట్ రూవిలోని స్పేర్ పార్టుల షాపుకు ఫోన్ చేశాను. సామాను ఉంది, ఎల్లుండి మీ కంపెనీ బండికిచ్చి పంపుతామన్నారు. రెండు రోజుల సంగతి. రెండే రోజులు.

ఇన్‌చార్జి మాట్లాడే భాష

సత్తెన్న ఆఫీసు ఒక ఇనుప డబ్బా గది. ఏసీ గట్టిగా మోగుతూ ఉండేది. వెళ్ళి నిలబడ్డాను.

"సత్తెన్నా, కొండకు పోయే బస్సు రెండు రోజులు ఆపాలె. వెనక చక్రం కాడ బ్రేక్ ఆయిల్ కారుతున్నది."

ఆయన ఫోన్లోంచి తల ఎత్తలేదు. "ముందు బ్రేకులు ఉన్నయి గదా."

"ఉన్నయి. గని అది కొండ రోడ్డు. దిగేటప్పుడు బరువంత ముందు బ్రేకుల మీదనే పడ్తది. కాగితే అవి గూడ పట్టయి."

"పొద్దుగాల స్లాబ్ ఉన్నది మల్లేశం. రెండో బస్సు నిజ్వా పోయింది. ఇరవై రెండు మందిని నేను నెత్తి మీద మోసుకపోవాల్నా?"

"గంగారాం నడపనంటున్నడు. లైటు చూసిండు. ఎక్కేటోళ్ళు గూడ చూసిన్రు."

అప్పుడు తల ఎత్తాడు. కోపంగా లేడు. అన్నం పెట్టిన రోజుల్లో ఎలా మాట్లాడేవాడో అలాగే మాట్లాడాడు.

"లైటు ఉంటే గదా నడపనంటడు. రేపు ఆ లైటు నాకు కనపడొద్దు. నువ్వు తెలివైనోనివి, నీకు నేను చెప్పాల్నా?"

చూడండి, ఇందులో వైరు అన్న మాటే లేదు. పీకమని ఎక్కడా అనలేదు. బాగు చెయ్యకపోయినా పర్వాలేదనీ అనలేదు. పై మనుషులు ఇలాగే మాట్లాడతారు. చెయ్యాల్సింది మీకు అర్థమవుతుంది, వాళ్ళ నోట్లోంచి మాత్రం రాదు. రేపు పోలీసు అడిగితే వాళ్ళ మాట శుభ్రంగా ఉంటుంది, మీ చెయ్యి మురికిగా ఉంటుంది. ఆ రోజు నేను అడగాల్సింది ఒకే ఒక్క ప్రశ్న. "అన్నా, వైరు పీకమంటున్నవా?" మామూలు గొంతుతో, నలుగురు వినేలా అడిగి ఉంటే ఆయన అవుననేవాడు కాదు. అవునంటే తన మెడకు చుట్టుకుంటుందని ఆయనకు తెలుసు. నేను అడగలేదు. "సరే అన్నా" అన్నాను.

షెడ్డుకు వెళ్ళి డబ్బాలో ఆయిల్ నింపాను. ఆ ఆయిల్ మళ్ళీ తగ్గుతుందని తెలుసు. తగ్గినా లైటు వెలగకుండా, డబ్బా కింద ఉన్న చిన్న వైరు క్లిప్పు ఊడదీశాను. అర నిమిషం పట్టలేదు. హ్యాండ్ బ్రేక్ ఎత్తితే లైటు వెలుగుతుంది, దించితే ఆరిపోతుంది. చూసేవాడికి అంతా సవ్యంగానే ఉంటుంది.

పొద్దున గంగారాం వచ్చాడు. హ్యాండ్ బ్రేక్ ఎత్తి చూశాడు, దించి చూశాడు. పక్కన నిలబడ్డ నన్ను అడిగాడు.

"బాగైందా అన్నా?"

తల ఊపాను. దిగేటప్పుడు చిన్న గేరులో రా అని చెబుదామని నోటి దాకా వచ్చింది. చెబితే ఎందుకని అడుగుతాడు. అందుకని అది కూడా చెప్పలేదు. మనుషులు ఒక్కొక్కరే ఎక్కారు. పోశెట్టి అందరికంటే చివర ఎక్కాడు. రోజూ అంతే. అందరూ కూర్చున్నారో లేదో చూసి ఎక్కేవాడు. నిర్మల్ పక్క మనిషి, తాపీ పనిలో చెయ్యి తిరిగినవాడు. మెడలో ఎప్పుడూ ఒక ఎర్ర తువ్వాలు ఉండేది. ఆ సైట్‌కు మేస్త్రీ ఆయనే. తలుపు వేసుకుంటూ "పోనీ గంగన్నా" అన్నాడు.

దిగుడు

ఆ తర్వాత జరిగింది గంగారాం, బస్సులో ఉన్నవాళ్ళు చెప్పగా విన్నాను.

పొద్దున ఎక్కేటప్పుడు ఏమీ కాలేదు. స్లాబ్ తొందరగా అయిపోయింది. మధ్యాహ్నం మూడు దాటాక దిగుతున్నారు. సగం దిగేసరికి బ్రేక్ పెడల్ మెత్తబడింది. ఇంకో మలుపు తిరిగేసరికి నేల దాకా దిగింది. బండి ఆగలేదు.

గంగారాం చేసింది ప్రతి డ్రైవరూ నేర్చుకోవాలి. కేకలు పెట్టలేదు. పెడల్‌ను వదులుతూ తొక్కుతూ పంపులాగా కొట్టాడు. మూడో గేరు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి లాగాడు. ఇంజిన్ ఏడుస్తున్నట్టు మోగిందట. హ్యాండ్ బ్రేక్‌ను ఒక్కసారిగా లాగకుండా కొంచెం కొంచెంగా ఎత్తాడు. అప్పటికీ ఆగకపోతే, లోయ పక్కకు పోనీకుండా కుడి వైపు కొండకు బస్సును రాయించాడు. అద్దాలు పగిలాయి, రేకు చీరుకుపోయింది. ఒక మలుపు దాటిన వెంటనే బండి ఆగింది. ఇరవై రెండు మందిలో ఒకడికి నుదురు చిట్లింది. అంతే. అందరూ బతికారు.

బ్రేకు పోయిన బండిలో ఎవరూ పోలేదు. పోశెట్టి పోయింది బండి ఆగిన తర్వాత.

అందరూ దిగారు. రోడ్డు మీదే నిలబడ్డారు. కొందరు దేవుడికి దండం పెడుతున్నారు, కొందరు గంగారాంను పట్టుకుని ఏడుస్తున్నారు. గంగారాంకు స్టీరింగ్ మీద వేళ్ళు బిగుసుకుపోయి, దిగడమే కష్టమైంది. బస్సు ఉన్నది మలుపు కింద. పైనుంచి వచ్చే బండికి మలుపు తిరిగేదాకా కనపడదు. ఆ మాట తట్టింది పోశెట్టి ఒక్కడికే.

"బండ్లు వస్తయిరా, పక్కకు రాండ్రి. ఆ రాళ్ళ మీదికి ఎక్కున్రి" అని అందరినీ తోశాడు. "గంగన్నా, ఎర్రది మూడు మూలల బోర్డు ఉంటది గదా, ఏది?"

గంగారాం తల అడ్డంగా ఊపాడు. బోర్డు లేదు. ప్రతి బండికీ ఉండాల్సినవి మా కంపెనీలోనూ ఉండేవి. రెండో మూడో పోయాయని సత్తెన్న అన్నింటినీ ఏరించి స్టోర్ గదిలో పెట్టి తాళం వేశాడు. పోకుండా భద్రంగా ఉన్నాయి. ఇప్పటికీ ఉండే ఉంటాయి.

బోర్డు లేదని పోశెట్టి మెడలో తువ్వాలు తీసుకుని పైకి నడిచాడు. సరిగ్గా మలుపు దగ్గర, రోడ్డు మీదే నిలబడి ఊపసాగాడు. చెయ్యాల్సిన పని అదే. నిలబడాల్సిన చోటు మాత్రం అది కాదు. మలుపు దాటి ఇంకా పైకి పోవాలి. వచ్చే డ్రైవరు దూరం నుంచే చూసి, తొక్కి, ఆపుకోగలిగే చోట, తారు రోడ్డు దిగి పక్కన నిలబడాలి. అది ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయనకే కాదు, ఆ బస్సులో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. ఇటుక మీద ఇటుక ఎలా పేర్చాలో ఆయన ఇరవై ఏళ్ళుగా అందరికీ నేర్పాడు. ప్రాణం ఎలా కాపాడుకోవాలో ఆయనకు నేర్పడానికి కంపెనీకి ఒక్క పూట తీరలేదు.

పైనుంచి పికప్పు వచ్చింది. మేకలకు గడ్డి తీసుకెళ్తున్న ఒక ఒమానీ ముసలాయన నడుపుతున్నాడు. వేగంగా కూడా రాలేదు. మలుపు తిరగగానే ముందు తువ్వాలు కనపడింది, వెంటనే మనిషి కనపడ్డాడు. తిప్పాడు, చాలలేదు. పికప్పు పోశెట్టిని కొట్టి, అంతకుముందు మావాళ్ళు నిలబడ్డ చోటి దాకా జారి, పక్క రాళ్ళకు తగిలి ఆగింది. పోశెట్టి అందరినీ పక్కకు తోసి ఉండకపోతే అది వచ్చి ఆ గుంపులో పడేది.

తాళం తిప్పిన పోలీసు

గంగారాం నాకు ఫోన్ చేశాడు. ఏం చెప్పాడో సగం అర్థం కాలేదు. పనిముట్లు తీసుకుని కంపెనీ పికప్పులో బయలుదేరాను. దారిలో ఉండగా సత్తెన్న ఫోన్ వచ్చింది.

"నాకు అన్నీ తెలిసినయి. నువ్వు ముందుగాల పో. షుర్తా వచ్చేలోపల బండిల ఏది ఎట్లుండాల్నో అట్లుండాలె. అర్థమైంది గదా."

షుర్తా అంటే పోలీసులు. అర్థమైంది. మళ్ళీ అదే భాష.

నేను వెళ్ళేసరికి పోశెట్టిని ఎవరో కారులో బహ్లా ఆసుపత్రికి తీసుకుపోయారు. దారిలోనే పోయాడని తర్వాత తెలిసింది. పికప్పు ముసలాయన రోడ్డు పక్కన నేల మీద కూర్చుని, తలపాగా తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన భుజం మీద మావాడొకడు చెయ్యి వేసి కూర్చున్నాడు. ఒకరి భాష ఒకరికి రాదు.

నేను తిన్నగా బస్సులోకి వెళ్ళాను. డబ్బా దగ్గర వంగాను. క్లిప్పు మళ్ళీ తగిలించాను. ఊడదీసినప్పుడు ఎంతసేపు పట్టిందో ఇప్పుడూ అంతే పట్టింది. ఒక మనిషి అక్కడ పడిపోయాడని తెలిసి కూడా తగిలించాను.

పోలీసులు వచ్చారు. వాళ్ళలో పెద్దాయనకు బండ్ల సంగతి బాగా తెలుసు. చక్రాల కింద రాళ్ళు పెట్టించి, డ్రైవరు సీట్లో కూర్చుని హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించాడు. తాళం తిప్పాడు. ఎర్ర లైటు వెలిగింది. ఆరలేదు. గంగారాంను కిటికీ దగ్గరికి పిలిచి హిందీలో అడిగాడు.

"ఈ లైటు వెలుగుతుంటే ఇంతమందిని ఎక్కించుకుని నడిపావా?"

గంగారాం ఆ లైటును దయ్యాన్ని చూసినట్టు చూశాడు.

"లేదు సాబ్. పొద్దటి నుంచి లైటు లేదు. పైన సైట్ కాడ గూడ చూసిన. లేదు."

"ఇప్పుడు ఉంది కదా."

"అప్పుడు లేదు సాబ్. మెకానిక్ బాగు చేసిండు." నా వైపు చెయ్యి చూపించాడు. "ఇగో, ఇతనే. ఇతన్ని అడుగున్రి."

నేను తనను కాపాడతానన్న నమ్మకంతో చూపించాడు. అనుమానం కొంచెం కూడా లేదు ఆ ముఖంలో. వచ్చీరాని హిందీలో నన్ను సాక్షిగా పిలుస్తున్నాడు. నేను అప్పటికి అరగంట ముందు ఏం చేశానో అతనికి తెలియదు. ఆ లైటు అలాగే వెలుగుతుంటే, చూసి కూడా నడిపిన డ్రైవరు అతనవుతాడు. పోశెట్టి చావు అతని మెడకు చుట్టుకుంటుంది. సత్తెన్న కోరింది అదే. నేను చేసి పెట్టింది అదే.

పోలీసు నన్ను చూశాడు. "చెప్పు" అన్నాడు.

నా జీవితంలో కష్టపడి మాట్లాడిన మాటలు అవే. "లైటు రాకుండ నిన్న నేనే వైరు పీకిన. ఇప్పుడు మీరు రాకముందు నేనే మల్ల పెట్టిన. ఇతనికి తెల్వదు."

రెండోసారి చెప్పమన్నాడు. చెప్పాను. గంగారాం బస్సుకు వీపు ఆనించి అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

లోపల

గంగారాంను మూడు రోజులకు వదిలేశారు. నన్ను ఉంచారు. విచారణలో నేను సత్తెన్న పేరు చెప్పాను. ఆయన్ను పిలిపించారు. "బండి మంచి కండిషన్‌లో ఉండాలని చెప్పాను సార్, లైటు ఉండకూడదంటే బాగు చెయ్యమనే కదా అర్థం" అన్నాడట. అబద్ధమని ఎవరు నిరూపిస్తారు? ఆ ఇనుప గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఆయన మాటల్లో వైరు లేదు. ఫోన్లోనూ లేదు. బోర్డులెందుకు తాళం వేశారని అడిగితే, దొంగతనాలు అవుతున్నాయన్నాడు. అది కూడా నిజమే.

నాకు మూడు నెలల జైలు పడింది. నాకు పడింది న్యాయమే, దాని మీద ఒక్క మాట అనను. ఆయనను మాత్రం కంపెనీ ఇంకో సైట్‌కు మార్చి, ఇన్‌చార్జి నుంచి మేనేజర్‌ను చేసింది.

జైలుకు గంగారాం ఒకసారి వచ్చాడు. కొత్త బట్టలేసుకున్నాడు, ఇంటికి వెళ్ళిపోతున్నాడు. లేచే ముందు అన్నాడు.

"నువ్వు చెప్పకుంటే నేను ఈడ ఉండేటోన్ని. అది నేను మర్చిపోనన్నా. గని పొద్దుగాల నేను అడిగినప్పుడే చెప్పి ఉంటే, పోశెట్టి గూడ ఇంటికి పోయేటోడు."

మళ్ళీ మేమిద్దరం కలుసుకోలేదు.

శిక్ష అయ్యాక వీసా రద్దు చేసి ఇంటికి పంపారు. కొన్నాళ్ళు పని లేకుండా ఉండి, జగిత్యాలలో ఒక ప్రైవేటు స్కూలు బస్సుల షెడ్డులో చేరాను. అక్కడా ఒకసారి అదే జరిగింది. పరీక్షల రోజులు, ఒక బస్సుకు ఎర్ర లైటు ఆరడం లేదు. "దాన్ని ఏదో ఒకటి చెయ్యవయ్యా, పిల్లల తల్లిదండ్రులు చూస్తారు" అన్నాడు స్కూలు ఓనరు. డ్రైవర్లు, ఆయాలు అందరూ ఉన్నారు. "బ్రేకు లైటు వైరు పీకమంటున్నారా సార్?" అని అడిగాను. ఆయన ముఖం చూడాల్సింది. "నేను అట్లెందుకంటా" అన్నాడు. "మరి బస్సు ఆపాలె సార్" అన్నాను. ఆపాడు. పిల్లలను రెండు ట్రిప్పులుగా వేరే బస్సులో తెచ్చారు. అంతే. ఒక్క ప్రశ్న. ఆ ప్రశ్న అడగడానికి నాకు పోశెట్టి ప్రాణం కావలసి వచ్చింది.

ఫోను

పోయిన ఏడాది సత్తెన్న ఫోన్ చేశాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత అదే గొంతు. తిరిగి వచ్చి ఒక సెంటర్ పెట్టాడట. గల్ఫ్‌కు డ్రైవర్లను తయారు చేసి పంపుతున్నాడట.

"నీ అంత అనుభవం ఎవరికున్నది మల్లేశం. ఒక గంట క్లాసు చెప్పు. ఏ లైటు వెలిగితే ఏం చెయ్యాలె, బండి ఆగిపోతే ఏం చెయ్యాలె, గంతే."

"చెప్త" అన్నాను. "పోశెట్టి సంగతి చెప్త. బండి ఆగితే మనుషులను రోడ్డు మీద నిలబెట్టొద్దని, బోర్డు మలుపుకు ఆవల పెట్టాలని, అది బండిలనే ఉండాలె గని స్టోర్ల కాదని చెప్త."

"పాత ముచ్చట్లు వద్దు వోయి. లైట్ల గురించే చెప్పు."

"ఆ ముచ్చట లేకుంటే లైట్ల గురించి చెప్పుడు నాకు రాదన్నా."

"నా పేరు గూడ చెప్తవా?"

"అడిగితే చెప్త."

ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చెయ్యలేదు. ఆ క్లాసు ఇప్పుడు వేరే ఎవరో చెబుతున్నారని విన్నాను. లైట్ల బొమ్మలు గోడకు తగిలించి, పేర్లు బట్టీ పట్టిస్తున్నారట.

ఇది రాసేటప్పుడు మొదట ఆయన అసలు పేరే రాశాను. తర్వాత కొట్టేసి సత్తెన్న అని పెట్టాను. జాలిపడి మార్చలేదు. అసలు పేరు ఉంటే, ఎవడో ఒక చెడ్డవాడి కథ అనుకుని చదివి పక్కన పెడతారు. ముబారక్ గ్యారేజీ తప్ప నేను పనిచేసిన ప్రతిచోటా అలాంటివాడు ఒకడున్నాడు. మంచిగా మాట్లాడతాడు, అన్నం పెడతాడు, పీకమని మాత్రం ఎప్పుడూ అనడు. మీరు వెళ్ళే కంపెనీలోనూ ఉంటాడు. అతని పేరు తెలిశాక, ఇక్కడ సత్తెన్న అని ఉన్నచోటల్లా కొట్టేసి ఆ పేరు రాసుకోండి.